ఉక్కు తాడుకు కందెన ఎందుకు?

మన హాస్టల్లో చదివి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ పూర్తిచేసిన తమ్ముళ్లు చాలామంది పనికోసం కృష్ణపట్నం రేవు వైపు వెళుతున్నారు. 2008లో ఓడరేవు మొదలైంది. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రానికి బొగ్గు ఈ రేవు మీదుగానే వస్తుంది. (ఆంధ్రప్రదేశ్‌కు 1960–62లో ముఖ్యమంత్రిగా చేసిన సంజీవయ్యగారు దేశంలో ఆ పదవి పొందిన మొదటి దళితుడని మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.) రేవులో చేరగానే హెల్పరు చేతికి మొదట ఇచ్చే పని, క్రేను తాడుకు గ్రీజు పెట్టడం. చిన్న పనే గదా అనుకోకండి.

పూర్వం గనుల్లో బరువులు గొలుసుతో లాగేవారు. ఒక్క లంకె తెగితే అంతా పడిపోయేది. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఇనుప తీగలు పేని తాడు చేయించాడు. ఇందులో ఒక తీగ తెగినా మిగతావి బరువు మోస్తాయి. తెగిన తీగ కంటికి కనబడి మనల్ని హెచ్చరిస్తుంది. అయితే లోపల తుప్పు పడితే ఆ హెచ్చరిక మనకు అందదు.

6×36 తాడు అంటే ఆరు పేటలు, పేటకు 36 తీగలు, మొత్తం 216. నడుమ నార తాడో, ఉక్కు తాడో ఉంటుంది. కప్పీ మీద వంగిన ప్రతిసారీ ఈ తీగలన్నీ ఒకదానిమీద ఒకటి జారుతాయి. అంటే బండి ఇరుసు లాంటివి లోపల వందల సంఖ్యలో ఉన్నాయన్నమాట! తయారీలో పెట్టిన కందెన కొంతకాలానికి పిండుకుపోతుంది. అప్పుడు ఉప్పుగాలి, తేమ లోపలికి చేరతాయి. జింకు పూత ఉన్న తాడైతే జింకు ముందు తాను కరిగి ఉక్కును కాపాడుతుంది గానీ, కప్పీ రాపిడికి ఆ పూత కూడా అరుగుతుంది.

కాబట్టి ముందు వైరు బ్రష్షుతో పాత మడ్డి, బొగ్గు ధూళి తీసెయ్యాలి. మడ్డిమీదే నల్లగా గ్రీజు పూస్తే తాడు నిగనిగలాడుతుంది, లోపల మాత్రం ఎండిపోయే ఉంటుంది. నా దృష్టిలో అసలు పూయకపోవడం కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే తెగిన తీగలు కూడా దానికింద దాక్కుంటాయి. లోపలికి ఇంకే పలుచని కందెనను తాడు కప్పీమీదో డ్రమ్ముమీదో వంగేచోట వెయ్యాలి. అక్కడ పేటలు కొద్దిగా విచ్చుకుంటాయి. ఇంజను నుండి తీసిన పాత ఆయిలు వాడవద్దు. అందులో లోహపు పొడి, ఆమ్లం ఉంటాయి.

పేటల సందుల్లోంచి ఎర్రటి పొడి రాలితే లోపల తుప్పు మొదలైందని అర్థం. వెంటనే పైవారికి చెప్పండి. ప్రాక్టికల్స్‌లో పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్ ఇక్కడ పనికొస్తుంది. పేటల మధ్య పల్లంలో కాకుండా, ఎదురెదురు పేటల ఎత్తుమీద పెట్టి కొలవాలి. వ్యాసం తగ్గుతూ ఉంటే తాడు లోపల అరుగుతున్నట్టే.

ఇంకొక మాట. కదులుతున్న తాడును గుడ్డతో పట్టుకుని ఎప్పుడూ తుడవకండి. తెగిన తీగ ముల్లులా గుడ్డను, గ్లౌజును పట్టి చేతిని కప్పీలోకి లాగేస్తుంది. తుడవాలంటే క్రేను ఆపించి తుడవండి.