పొద్దుటి పని రాత్రే తేల్చండి

సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న బీదర్ పీఠభూమి మీద డిసెంబరు తెల్లవారుజాములు ఎలా ఉంటాయో ఇక్కడ కాపురం ఉన్నవాళ్లకే తెలుస్తుంది. చలికాలం వస్తే తెలంగాణ వాతావరణ వార్తల్లో కోహీర్ పేరు తరచూ వినిపిస్తుంది కదా, సరిహద్దుకు ఇవతల కర్ణాటకలోని మా సంతపూర్‌లోనూ అదే చలి. ఔరాద్ రోడ్డెక్కితే రెండు పక్కలా కంది చేలు, శనగ చేలు. గాలికి అడ్డమంటూ ఏమీ ఉండదు. 10 డిగ్రీల చలిలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే ఒంటికి 8 డిగ్రీల చలి తగులుతుంది.

నేను ఉద్యోగానికి సైకిల్ మీదే వెళ్తాను. చలికి తట్టుకునే ఒళ్లు కాదు నాది, చిన్నప్పటి నుంచి ఆయాసం. మనసూ అంత గట్టిది కాదు. నాన్న పోయిన ఏడాది చలికాలమంతా మెలకువ వచ్చినా దుప్పటి తీయబుద్ధయ్యేది కాదు. రాబోయే రోజంటేనే భయం. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దానికి మాట్లాడే అవకాశం ఇవ్వకుండా ఎలా ఉండాలో మాత్రం నేర్చుకున్నాను. చలి బేరానికి దిగేది ఇంకా నిర్ణయం తీసుకోని మనిషితోనే. అందుకే నిర్ణయం రాత్రే అయిపోవాలి.

అన్నం తిన్నాక నేను సైకిల్ దగ్గరికి వెళ్తాను. బొటనవేలితో టైరు నొక్కి చూస్తాను. మధ్యాహ్నం ఎండలో గట్టిగా ఉన్న టైరు రాత్రికి కాస్త మెత్తబడుతుంది, చలికి లోపలి గాలి కుంచించుకుపోతుంది కాబట్టి. పంపుతో కొద్దిగా కొడతాను. చైనుకు రెండు చుక్కల నూనె వేసి పెడల్ వెనక్కి తిప్పితే కిర్రుకిర్రు మనడం తగ్గి, చివరికి మెత్తటి చప్పుడొకటే మిగులుతుంది. ఆ చప్పుడు వినబడేదాకా లేవను. ముందు చక్రాన్ని గేటు వైపు తిప్పి నిలబెడతాను. స్వెట్టరు, మంకీ క్యాపు, చేతి తొడుగులు క్యారియరు మీద పెట్టి, మంచుకు తడవకుండా గోనెపట్టా కప్పుతాను. ఆ తర్వాత పైకే అనుకుంటాను: "అలారం మోగగానే కాళ్లు నేల మీద పెడతాను."

ఈ ఆఖరి మాటను తేలిగ్గా తీసుకోకండి. ఫలానా సమయం వస్తే ఫలానా పని చేస్తానని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు ఆ పని నిజంగా చేసే అవకాశం ఎక్కువని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990ల నుంచీ చెబుతున్నారు. మన ఇళ్లలో ఆ సంగతి ఎప్పటినుంచో ఉంది. ఎళ్ళమావాస్య పండుగకు చేలో తినే భజ్జీకి కావలసినవన్నీ ముందు రోజే సిద్ధం చేసుకుంటారు. తెల్లారాక చేలోకి వెళ్దామా వద్దా అని ఎవరూ చర్చ పెట్టరు.

మరి మీరో? కళ్లు తెరవగానే ఫోన్‌లో ఎన్ని డిగ్రీలుందో చూస్తారు. ఆ అంకె చూశాక ఎవరు లేస్తారు? ఫిన్లాండ్‌లోని ఔలు పట్టణంలో గడ్డకట్టిన మంచు మీద పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ బడికి పోతారు. మన 10 డిగ్రీలకు సెలవు చీటీ రాయడం సిగ్గుచేటు. కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. వాటిలో ఎన్ని పెరట్లో తుప్పు పడుతున్నాయో మీ వీధిలోనే చూడండి.

అయినా కుంగిపోకండి. కష్టమంతా మొదటి పది నిమిషాలదే. తొక్కేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. ఆ వేడి అందేదాకా ఓపిక పట్టండి. ఈ లోపు "నావల్ల కాదు" అని తీర్పు ఇచ్చుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బయలుదేరేటప్పుడు కాస్త చలి అనిపించేంత బట్టలే వేసుకోండి, చెమట పడితే తర్వాత వణుకు. ముక్కుతో గాలి పీల్చండి, మఫ్లర్ నోటికి అడ్డం కట్టండి. నాలా ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడిగి, మందు జేబులో పెట్టుకుని బయలుదేరండి. రిమ్ముకు మంచు తడి ఉంటే బ్రేకు ముందుగానే పట్టండి. వెనకాల ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి, ఇది చెరకు ట్రాక్టర్లు తిరిగే కాలం. పొగమంచు మరీ దట్టంగా ఉంటే బస్సెక్కండి, అందులో చిన్నతనం లేదు.

సైకిల్ గుండెకు మంచిదని 2017లో గ్లాస్గో పరిశోధకులు లక్షల మంది బ్రిటన్ ఉద్యోగుల వివరాలు చూసి చెప్పారు. అది మంచిదే. నాకు అంతకన్నా విలువైన లాభం వేరే ఉంది. పై అధికారితో చెప్పాల్సిన కష్టమైన మాటలూ, వాయిదా వేస్తూ వచ్చిన ఉత్తరాలూ ఇప్పుడు ఇదే పద్ధతిలో పూర్తి చేస్తున్నాను. ఏం చెప్పాలో, ఎన్ని గంటలకు చెప్పాలో రాత్రే కాగితం మీద రాసుకుంటాను. పొద్దున ఆ సమయానికి లేచి వెళ్తాను. గొంతు వణుకుతుంది, అయినా మాట పూర్తవుతుంది.

తమ్ముడూ, చెల్లీ, కొత్త సంవత్సరం దాకా ఆగకండి. ఈ రాత్రే పెరట్లో ఉన్న సైకిల్ బయటికి తీసి, టైరు నొక్కి చూడండి.