బారు ఎన్నింటికి మూయాలి?

పలక, బలపం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో ముందు ఒక లెక్క చేద్దాం.

సనత్‌నగర్‌లో ఒక వీధి అనుకోండి. వీధి మొదట్లో బారు ఉంది. దాని వెనకాలే ఇళ్ళు ఉన్నాయి. బారు రాత్రి 12 గంటలకు మూస్తారు. షట్టరు దించగానే వీధి సద్దుమణగదు. తాగినవాళ్ళు బయట నిలబడి మాట్లాడుకుంటారు. ఒకరి భుజం మీద ఒకరు చేతులేసి పాట అందుకుంటారు. బండ్లు స్టార్టు చేస్తారు. ఇంకో అరగంట పోతుంది.

ఆ వీధిలో ఒక అక్క ఉంది. ఆమె 6 గంటల షిఫ్టుకు కంపెనీకి పోవాలి. పొద్దున నాలుగున్నరకు లేస్తేనే వంట అయ్యేది, టిఫిన్ డబ్బా కట్టేది. రాత్రి 12:30 నుంచి పొద్దున 4:30 వరకు ఎన్ని గంటలు? 4 గంటలు. అదే ఆమె నిద్ర.

ఇప్పుడు బారు యజమాని రోజూ ఒంటిగంట వరకు తెరిచి ఉంచుతానని అడిగాడు అనుకోండి. "గంటే కదమ్మా" అంటాడు. ఆ గంట తీసేస్తే అక్కకు మిగిలేది 3 గంటలు. నెలకు 30 రోజులు. రోజుకు ఒక గంట చొప్పున 30 గంటల నిద్ర పోయింది. ఆమె రాత్రికి నిద్రపోయేదే 4 గంటలు. 30ని 4తో భాగించండి. ఏడు రాత్రులు దాటిపోయాయి. యజమానికి అది గంట. ఆమెకు అది నెలలో ఒక వారం.

ఈ లెక్క ఎందుకు చేశామంటే, ఆఫీసులో "మాకు చాలా కష్టంగా ఉంది సార్" అంటే వింటారు, తల ఊపుతారు, అంతే. అంకె చెబితే రాసుకుంటారు.

ఇంతకీ బారు వేళలు ఎవరు నిర్ణయిస్తారు? బారు యజమాని కాదు. కాలనీ పెద్దలు కాదు. పోలీసులూ కాదు. రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ పని చూసే శాఖ పేరు ఎక్సైజు శాఖ. పెద్దవాళ్ళు ఆబ్కారీ అంటారు. హైదరాబాదు నగరంలో బార్లకు మామూలు రోజుల్లో రాత్రి 12 వరకు, శుక్ర, శనివారాల్లో ఒంటిగంట వరకు వేళలు ఇస్తూ వచ్చారు. డిసెంబరు 31 రాత్రికి ప్రభుత్వం ప్రత్యేకంగా వేళ పెంచడం మామూలు. కాబట్టి ఎవరైనా రోజూ ఎక్కువసేపు తెరుస్తామని అడిగితే, ఆ అడగడం ప్రభుత్వాన్నే అడగాలి. వద్దని చెప్పేవాళ్ళూ అక్కడికే రాయాలి. బారు కౌంటరు దగ్గరికి పోయి యజమానితో పోట్లాడితే గొంతు నొప్పి తప్ప ఏమీ రాదు. అక్కడ గ్లాసులు కడిగే పిల్లవాడు, ప్లేట్లు మోసే తమ్ముడు మన బస్తీ పిల్లలే. మధ్యలో తిట్లు తినేది వాళ్ళు. ఒంటిగంట దాకా నిలబడేదీ వాళ్ళే.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. బారుకు రెండు గడియారాలు ఉన్నాయి. ఒకటి మందు అమ్మే గడియారం. రెండోది మోత గడియారం. మొదటిది 12 కొట్టినా, ఒంటిగంట కొట్టినా, రెండోది 10 గంటలకే కొడుతుంది.

ఈ రెండో గడియారం పేరు శబ్ద కాలుష్య నియమాలు. కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో చేసింది. దేశమంతటికీ వర్తిస్తుంది. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 వరకు అని అందులో రాసి ఉంది. మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. బియ్యాన్ని కిలోల్లో కొలిచినట్టే. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఇళ్ళు ఉండే ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 మించకూడదు. దుకాణాలు ఉండే ప్రాంతంలో రాత్రికి 55. ఫ్యాక్టరీలు ఉండే ప్రాంతంలో రాత్రికి 70. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడ రాత్రికి 40 మాత్రమే.

మన సనత్‌నగర్‌లో ఈ లెక్క కొంచెం చిక్కు. ఉర్దూలో సనత్ అంటే పరిశ్రమ. పేరులోనే ఫ్యాక్టరీ ఉంది. ఆల్విన్ కంపెనీ ఇక్కడే ఉండేది. ఫ్యాక్టరీల పక్కనే కార్మికుల ఇళ్ళు వచ్చాయి, తర్వాత అపార్టుమెంట్లు వచ్చాయి. ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ దిక్కు, అమీర్‌పేట దిక్కు దుకాణాలే దుకాణాలు. అందుకే బారువాళ్ళు "ఇది ఇండస్ట్రియల్ ఏరియా" అనవచ్చు. "ఇది కమర్షియల్ రోడ్డు" అనవచ్చు. 70 అని రాస్తే వాళ్ళకు మేలు. 45 అని రాస్తే మనకు మేలు. మన వీధి ఏ లెక్కలో ఉందో మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. నోటితో అడిగితే చెప్పకపోతే, సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి అడగవచ్చు. ఆ చట్టం 2005లో వచ్చింది. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు, రుజువు జత చేయాలి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అదే పద్ధతిలో ఎక్సైజు ఆఫీసులో బారు లైసెన్సు నకలు కూడా అడగవచ్చు. అందులో ఏ వేళలు రాసి ఉన్నాయో చూడవచ్చు.

బారువాళ్ళు ఇంకో మాట కూడా అంటారు. "మేం తలుపులు వేసుకుని లోపల పాటలు పెట్టుకుంటున్నాం, మీకేంటి?" అని. అందులో కొంత నిజం ఉంది. మూసిన హాలులో లోపలివాళ్ళ కోసం స్పీకరు పెట్టుకోవడానికి నియమాల్లో మినహాయింపు ఉంది. కానీ ప్రైవేటు స్థలంలో పెట్టిన స్పీకరు మోత, ఆ స్థలం హద్దు దగ్గర, ఆ ప్రాంతపు పరిమితి కంటే 5 డెసిబెల్స్ మించి ఉండకూడదు. ఇళ్ళ ప్రాంతంలో రాత్రికి 45. దానికి 5 కలపండి. 50. అంటే బారు గోడ దగ్గర నిలబడితే మనిషి మాట కన్నా తక్కువ మోతే రావాలి. అసలు ప్రశ్న తలుపు వేశారా లేదా అని కాదు. గోడ అవతల ఎంత వినపడుతోంది అని.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. మనకు దగ్గరలోనే జరిగింది. జూబ్లీహిల్స్‌లో పబ్బులు ఉన్నాయి. పబ్బు అంటే పాటలు, డ్యాన్సు ఉండే ఖరీదైన బారు. ఇళ్ళ మధ్యలో ఉన్న ఆ పబ్బుల మోతతో నిద్ర లేదని అక్కడి కాలనీవాళ్ళు తెలంగాణ హైకోర్టుకు పోయారు. 2022 సెప్టెంబరులో హైకోర్టు, రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు పబ్బుల్లో సంగీతం పెట్టవద్దని ఉత్తర్వు ఇచ్చింది. చూడండి, 10కి పబ్బు మూయమని అనలేదు. పాట ఆపమంది. రెండు గడియారాలు అన్నది ఇందుకే. పబ్బులవాళ్ళు అప్పీలుకు వెళ్ళారు. తర్వాత ఆ ఉత్తర్వును జూబ్లీహిల్స్ పబ్బులకు పరిమితం చేశారు. కాబట్టి ఆ ఉత్తర్వు కాగితం పట్టుకుని సనత్‌నగర్‌లో చూపిస్తే పని కాదు. 2000 నాటి నియమాలు మాత్రం జూబ్లీహిల్స్‌కు ఎంత చెల్లుతాయో బోరబండకూ అంతే చెల్లుతాయి.

కోర్టుకు పోవాలంటే వకీలు కావాలి, పైసలు కావాలి, జూబ్లీహిల్స్ వాళ్ళకు ఉన్నాయి అంటారా? నిజమే. అయితే పైసలు లేనివాళ్ళు ఏం చేశారో కూడా చదువుదాం. ఈ కథ ఒక చదువుల పుస్తకం కథ కూడా. మీ చేతిలో ఉన్నలాంటి పుస్తకమే.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కూలికి పోయి వచ్చి, రాత్రి లాంతరు దగ్గర ఆడవాళ్ళు అక్షరాలు దిద్దేవాళ్ళు. సారా తాగి వచ్చిన మగవాళ్ళతో బడి సాగేది కాదు. కూలి డబ్బులు సారా కొట్టుకే పోయేవి. ఊరి ఆడవాళ్ళు కూడబలుక్కున్నారు. రోశమ్మ అనే ఆమె ముందు నిలబడింది. సారా కొట్టు మూయించారు. ఈ సంగతి అక్షరాస్యత పుస్తకంలో పాఠంగా వచ్చింది. దాని పేరు 'ఆడవాళ్ళు ఏకమైతే'. పక్క ఊళ్ళలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు "వాళ్ళ ఊళ్ళో అయింది, మన ఊళ్ళో ఎందుకు కాదు?" అన్నారు. 1992లో సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం అమలులోకి తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారా మీద నిషేధం నిలిచింది, మిగతా మందు తిరిగి వచ్చింది.

దూబగుంట ఆడవాళ్ళు కొట్టే వద్దన్నారు. మనం ఈ పాఠంలో మాట్లాడేది వేళ గురించి. ఈ రెండూ కలపకండి. తాగుడు వద్దని మీకు గట్టిగా ఉంటే దానికి వేరే అర్జీ రాయండి, నేను కూడా సంతకం పెడతాను. కానీ ఒకే కాగితంలో "బారు మూయాలి, మా ఆయన తాగుడు మానాలి, వీధిలో లైటు వెయ్యాలి, రాత్రి పాట ఆపాలి" అని రాస్తే, ఆఫీసరు ఏ ఒక్కటీ చేయకుండా పక్కన పెట్టడానికి వీలుగా ఉంటుంది.

ఇప్పుడు అర్జీ చూద్దాం. చుక్కలు ఉన్న చోట మీ వివరాలు రాయాలి.

తేదీ: ..........
పోలీస్ ఇన్‌స్పెక్టర్ గారికి,
సనత్‌నగర్.

అయ్యా,
మేము .......... వీధిలో ఉంటున్నాము. మా వీధిలో .......... బారు ఉంది. బారు గోడకూ మా ఇళ్ళకూ మధ్య .......... అడుగుల దూరం ఉంది. అక్కడ .......... తేదీన రాత్రి .......... గంటల వరకు, .......... తేదీన రాత్రి .......... గంటల వరకు స్పీకర్లు మోగాయి. మా వీధిలో పరీక్షలు రాసే పిల్లలు .......... మంది, మంచాన ఉన్న ముసలివాళ్ళు .......... మంది, పొద్దున 6 గంటల షిఫ్టుకు పోయేవాళ్ళు .......... మంది ఉన్నారు. రాత్రి 10 తర్వాత మోత కొలిపించి, నియమాల ప్రకారం ఆపించవలసిందిగా కోరుతున్నాము. బారు మూసే వేళ పెంచమని వచ్చే ఏ అభ్యర్థననైనా ఒప్పుకోవద్దని ఎక్సైజు శాఖవారికి కూడా ఈ నకలు ఇస్తున్నాము.
ఇట్లు,
(పేర్లు, సంతకాలు)

చూశారా, అర్జీలో తిట్టు లేదు. తేదీలు ఉన్నాయి, గంటలు ఉన్నాయి, మనుషుల లెక్క ఉంది. తేదీలు గుర్తుండవు కాబట్టి గోడ మీద క్యాలెండరులోనే రాసుకుంటూ పోండి. ఏ రాత్రి ఎన్నింటి వరకు అని. రెండు వారాల లెక్క ఉంటే చాలు. ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది, కానీ మీ కిటికీలోంచి తీయండి, ఒంటరిగా బారు ముందుకు పోవద్దు. మోత జరుగుతున్నప్పుడే 100కు ఫోను చేయవచ్చు.

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి వాళ్ళకు. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. "ఇచ్చి వెళ్ళండమ్మా, చూస్తాం" అంటే వెంటనే లేచి రాకండి. ముద్ర పడేదాకా కూర్చోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చామని రేపు చెప్పుకోలేం. అక్కడ పని కాకపోతే కలెక్టరు ఆఫీసులో సోమవారం ప్రజావాణి ఉంటుంది. ముద్ర పడిన కాపీ జత చేసి అక్కడ ఇవ్వాలి.

వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నవాళ్ళు మనలో చాలామంది. మొదటిసారి పింఛను కాగితం మీద పెట్టినప్పుడు చెయ్యి వణికిందని అంటుంటారు. అర్జీ మీద పెట్టే సంతకం వేరు. అది ఎవరో ఇచ్చిన దానికి రసీదు కాదు, మీరు అడిగిన దానికి గుర్తు. పేరు పక్కన ఇంటి నంబరు కూడా రాయండి.

ఇప్పుడు ఈ పనులు చేయండి.

ఇళ్ళ ప్రాంతంలో రాత్రి మోత ఎంత మించకూడదు? ఫ్యాక్టరీల ప్రాంతంలో ఎంత? తేడా ఎంతో పలక మీద రాయండి.

మీ వీధిలో పొద్దున 5 గంటల లోపు లేచేవాళ్ళు ఎంతమంది? ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకు రండి.

రాత్రి 10 తర్వాత మీ వీధిలో మోత ఎక్కడెక్కడి నుంచి వస్తుంది? బారు ఒక్కటే రాయకండి. పెళ్ళి బ్యాండు, బోనాల మైకు, వినాయకుడి మండపం కూడా రాయండి. పండుగలకు 12 వరకు అనుమతి ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది, అది కూడా ఏడాదిలో 15 రోజులకు మించకూడదు. బారువాళ్ళు "మీ మండపం మోగలేదా?" అని అడిగితే ఏం జవాబు చెబుతారో ఐదుగురు కూర్చుని మాట్లాడుకుని, మూడు వాక్యాల్లో రాసి తీసుకు రండి.