ఖండాంతరం నుండి ఇంటి కంప్యూటరు

సెలవులకు హైదరాబాదు చేరుకున్న న్యూజిలాండు తెలుగు కుటుంబానికి, కావలసిన పన్ను కాగితమో, సగంలో నిలిచిన పరిశోధన వ్యాసమో ఆక్లండులోని ఇంటి కంప్యూటరులోనే ఉండిపోయిందని అప్పుడు స్ఫురిస్తుంది. ఇంటికి తాళం. ఇటువంటి సమయంలో అక్కరకు వచ్చే ఏర్పాటే రిమోట్ డెస్క్‌టాప్.

ఇందులో కంప్యూటరు పని అంతా ఆక్లండులోనే జరుగుతుంది. తెరపై కనిపించే చిత్రం మాత్రమే ఇటు వస్తుంది. మీటల నొక్కుళ్ళు, మౌసు కదలికలు అటు వెళతాయి. 1989లో న్యూజిలాండుకు లభించిన తొలి ఇంటర్నెట్ సంధానం హామిల్టనులోని వైకాటో విశ్వవిద్యాలయం నుండి హవాయికి సెకనుకు 9,600 బిట్ల వేగంతో నడిచింది. నేటి సాధారణ తెరపై ఒక్క చిత్రంలో సుమారు 5 కోట్ల బిట్లుంటాయి. దానిని కుదించకుండా ఆ తీగపై పంపితే 86 నిమిషాలు పట్టేది! అందుకే ఈ సాధనాలు తెరపై మారిన భాగాన్ని మాత్రమే, అదీ కుదించి పంపుతాయి.

అయినా కొంత జాప్యం తప్పదు. రెండు నగరాల మధ్య దూరం సుమారు 11,700 కిలోమీటర్లు. గాజుతంతువులో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. పోయి రావడానికే సెకనులో పదోవంతు దాటుతుంది. కేబుళ్ళు వంకరదారిన పోతాయి గనుక వాస్తవంలో ఇంకా ఎక్కువ. ఎంత ఖరీదైన కనెక్షనూ దీనిని తగ్గించలేదు. ఉత్తరం వ్రాయవచ్చు, సినిమా చూడబోతే విసుగే మిగులుతుంది.

విండోస్ హోమ్ రకం ఇతర యంత్రాలను చేరగలదు గాని, తనలోనికి రానివ్వదు. అందుకు ప్రో రకం కావాలి, లేదా క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వంటి వేరొక సాధనం. ప్రోలో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్ అను వరుసలో మీటను తెరచి, యంత్రం నిద్రలోకి జారకుండా చూడాలి. ఖాతాకు పాస్‌వర్డు తప్పనిసరి. నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు.

అసలు ప్రమాదం దీని తరువాతి మెట్టులో ఉన్నది. బయటి నుండి దారి కోసం చాలామంది రూటరులో 3389 అను పోర్టును నేరుగా తెరుస్తారు. ఇది ఎంతమాత్రం తగదు. ఆ పోర్టు తెరిచి ఉన్న ఇళ్ళను యంత్రాలు రేయింబవళ్ళు వెదకుతుంటాయి. 2019లో బయటపడిన బ్లూకీప్ అను లోపానికి పాస్‌వర్డుతోనే పని లేకపోయింది. 2014లోనే సేవలు ఆపివేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసిందంటే దాని తీవ్రత ఊహించవచ్చు. క్షేమకరమైన మార్గం వీపీఎన్. మొదట ఆ రహస్యమార్గంలో ఇంటి నెట్‌వర్కులో ప్రవేశించి, అటుపై కంప్యూటరును పిలవాలి; అప్పుడు 3389 బయటివారికి కనబడదు.

ఫోనుచేసి "మీ కంప్యూటరు పాడైంది, మేము చూస్తాం" అంటూ ఇదే సౌకర్యాన్ని అడిగే అపరిచితులు మోసగాళ్ళని స్వదేశంలోని పెద్దలకు ముందే చెప్పి ఉంచాలి.

పరీక్ష ప్రయాణానికి వారం ముందే జరగాలి. ఇంటి వైఫైపై చేసిన పరీక్షకు విలువ లేదు. మొబైలు డేటాపై ప్రయత్నించాలి. ఒకసారి కరెంటు తీసి, మళ్ళీ ఇచ్చి, యంత్రం తనంతట తాను లేస్తుందో లేదో కూడా చూడాలి.