చిన్న వేషాల బడి: ఎల్. వి. ప్రసాద్

నాటకాన్ని గూర్చి మేము తరగతిలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, మన దేశపు మొదటి మాటల చిత్రం 'ఆలం ఆరా' కదా, అందులో మన తెలుగువారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగినాడు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లవాడు. తెలుగువారే కాదు, మన ఏలూరు పక్క ఊరివాడే ఉన్నాడని మేము చెప్పగా తరగతి అంతా నవ్వినది. హాస్యమాడుతున్నామని అనుకొన్నారు. ఆ నాడు గంట కొట్టడం వలన సగంలో ఆగిన సమాధానమే ఈ వ్యాసం.

అక్కినేని లక్ష్మీవర ప్రసాదరావు 1908 జనవరి 17న సోమవరప్పాడులో జన్మించినారు. అది నేటి ఏలూరు జిల్లా దెందులూరు మండలంలోని గ్రామం. దక్షిణానికి పోతే కొల్లేరు, ఉత్తరానికి పోతే మెట్ట, నడుమ వరిచేలు. తండ్రి శ్రీరాములు, తల్లి బసవమ్మ; వ్యవసాయ కుటుంబం. చదువు మీద కంటె ఊరూరా తిరిగే నాటక సమాజాల మీద, ఏలూరు డేరాలలో ఆడే మూకీ బొమ్మల మీద బాలునికి మనసు ఎక్కువ. 1924లో మేనమామ కుమార్తె సౌందర్య మనోహరమ్మతో వివాహమైనది. ఇంతలో తండ్రి అప్పులపాలైనారు. ఊరిలో తలెత్తుకొని తిరిగిన కుటుంబానికి అది భరింపరాని అవమానం. ఒకనాడు ఎవ్వరికీ చెప్పకుండా, దగ్గర నూరు రూపాయలతో, ప్రసాదరావు బొంబాయి రైలెక్కినారు.

ఈ అప్పు సంగతి పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెను. దీనితో మరల పని పడుతుంది.

బొంబాయిలో ఆయనకు తెలిసినవారు లేరు, అక్కడి భాషా రాదు. మూకీ యుగం ముగియబోతున్న రోజులవి. వీనస్ ఫిల్మ్ కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రవానిగా కుదిరి, అక్కడి నుండి అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ కంపెనీకి చేరినారు. పేరు మరీ పొడుగ్గా ఉన్నదని ఒక గుమాస్తా దానిని ఎల్. వి. ప్రసాద్ అని కుదించినాడని చెబుతారు. ఇరానీ గారు నిర్మించిన 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలైనది. దాని మూలం జోసఫ్ డేవిడ్ రచించిన పార్సీ నాటకం, సంభాషణ హిందుస్తానీ. మాస్టర్ విఠల్, జుబేదా, పృథ్వీరాజ్ కపూర్ ప్రధాన పాత్రధారులు. అందులో ప్రసాద్ కొన్ని చిన్న వేషాలు వేసినారు. ఉర్దూ అక్షరం ఎరుగని సోమవరప్పాడు యువకుడు చెవి ఒక్కటే సాధనంగా ఆ భాషను పట్టుకొన్నది ఆ స్టూడియో ఆవరణలోనే అయి ఉండవలెను. ఇది మా ఊహ. అయితే తరువాతి కాలంలో హిందీ చిత్రాలకు దర్శకత్వం వహించిన వాని మొదటి పాఠశాల మరెక్కడ ఉంటుంది?

అదే సంవత్సరం అక్టోబరు 31న విడుదలైన తమిళ 'కాళిదాస్'లోనూ, హెచ్. ఎం. రెడ్డి గారి తెలుగు 'భక్త ప్రహ్లాద'లోనూ ఆయన నటించినారు. ఈ రెండవదానిలో వేషం చండామార్కుల వద్ద చదివే మొద్దబ్బాయి. ('భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరులో వచ్చినదని చాలాకాలం వ్రాస్తూ వచ్చినారు. పాత పత్రికలను తిరగవేసి పరిశోధకులు 1932 ఫిబ్రవరి 6 అని తేల్చినారు. మనవారు ఒకరి పుస్తకం చూచి మరొకరు వ్రాసే అలవాటు మానితే ఎన్ని తేదీలు మారునో!) మూడు భాషల తొలి టాకీలలోనూ ఉన్న నటుడు ఆయన. విచిత్రమేమనగా ఆ మూడు చిత్రాలలో ఒక్కదాని ప్రతి కూడా నేడు దొరకదు. మూడు జననాలకూ సాక్షియైన మనిషి ముఖం ఆ మూడింటిలోనూ మనకు కనబడదు.

తరువాతి పదేళ్లు త్వరగా చెప్పవచ్చును. బొంబాయిలో ఒక సినిమాహాలు చూచుకొనుట, సహాయ దర్శకత్వం, మధ్యలోనే ఆగిన చిత్రం, పృథ్వీ థియేటర్స్ పరిచయం. 1946లో త్రిపురనేని గోపీచంద్ కథతో 'గృహప్రవేశం' తీసి, భానుమతి గారి సరసన తామే నాయకులుగా నటించినారు. గూడవల్లి రామబ్రహ్మం గారు అస్తమించగా అసంపూర్తిగా మిగిలిన 'పల్నాటి యుద్ధం'ను 1947లో పూర్తి చేసినదీ వీరే. 1949లో 'మన దేశం' ద్వారా ఎన్. టి. రామారావు గారిని తెరకు పరిచయం చేసినారు.

ఇక అప్పు సంగతి. 1950లో విజయా సంస్థ తొలి చిత్రం 'షావుకారు' వచ్చినది. వడ్డీ వ్యాపారి చెంగయ్య, పొరుగు రామయ్య, ఇరు కుటుంబాల నడుమ పుట్టిన పంతం. 1955లో 'మిస్సమ్మ'. అందులో మేరీ పెంపుడు తండ్రి డేవిడ్ అనువానికి బాకీపడి ఉండడం చేతనే ఆమె ఇల్లు విడిచి ఉద్యోగానికి బయలుదేరుతుంది. 1959లో వచ్చినదానికి పేరే 'అప్పు చేసి పప్పు కూడు'. దానిలో సి. ఎస్. ఆర్. ధరించిన దివాన్ బహదూర్ రామదాసు ఆడంబరమంతా ఇతరుల సొమ్ముతోనే. ఈ కథలన్నీ దర్శకునివి కావు. మొదటి రెండింటిలో చక్రపాణి గారి హస్తం ఉన్నది, 'మిస్సమ్మ'కు బెంగాలీ మూలం కూడా కలదు. కనుక తండ్రి అప్పును కుమారుడు తెరకెక్కించినాడని మేము అనజాలము. అయినను బాకీదారు గుమ్మంలో నిలబడినపుడు ఇంటివారి చూపు ఎక్కడికి పోవునో, గొంతు ఎట్లు మారునో, ఈ దర్శకునికి ఎవరూ చెప్పనక్కరలేదు. డేవిడ్‌గా రమణారెడ్డి మనలను నవ్విస్తాడు. ఆ నవ్వు అడుగున మేరీ భయం మాత్రం నిజమైనది.

రెండవ విశేషం చిన్న పాత్రల పట్ల ఆయన చూపిన శ్రద్ధ. చిన్న వేషం వేసినవానికే అందులోని అవమానం తెలుస్తుంది: గంటల కొద్దీ కాచుకొని, రెండు క్షణాలు కనబడి, పేరు లేకుండా పోవుట. ప్రసాద్ గారు ప్రతి పాత్రనూ తాము నటించి చూపేవారని ఆయనతో పనిచేసినవారు చెప్పినారు. 'షావుకారు'లో సున్నం రంగడు ఉన్నది కొద్దిసేపే. ఆ పాత్రధారి మన నూజివీడులో 1918లో పుట్టిన ఎస్. వి. రంగారావు. ఏలూరులో తాము చూచిన ఒక రౌడీ నడకను, మాటను ఆయన అందులోకి తెచ్చుకొన్నారని అంటారు. తాడేపల్లిగూడెంలో స్థిరపడిన రేలంగి గారు 'మిస్సమ్మ'లో దేవయ్య. జమీందారు గోపాలంగా రంగారావు, పక్కన దేవయ్య నిలిచిన దృశ్యాలలో నాయికానాయకులు ఎక్కడ ఉన్నారో మనకు జ్ఞాపకం రాదు.

రంగారావు గారు కూడా తరువాత దర్శకులైనారు. 'చదరంగం' (1967), 'బాంధవ్యాలు' (1968) రెండూ నంది బహుమతులు పొందినవి. అయినా ఆయన మరల వేషాలకే మరలినారు. 2019లో తాడేపల్లిగూడెంలో ఆయనకు కాంస్య విగ్రహం వెలసినది, సంతోషం. దర్శకునిగా రంగారావును గూర్చి వేరొక వ్యాసం కావలెను. ప్రసాద్ గారిది దీనికి తలక్రిందుల దారి. నటునిగా ఎన్నడూ గొప్ప పేరు రాలేదు, దర్శకునిగా మరల వెనుకకు పోవలసిన అవసరమూ రాలేదు.

'మిస్సమ్మ' విషయంలో మా అభ్యంతరం ఒకటి చెప్పి తీరవలెను. హిందువైన రావు, క్రైస్తవురాలైన మేరీ, ఉపాధ్యాయ ఉద్యోగాల కొరకు భార్యాభర్తలమని బొంకి ఒకే ఇంట కాపురముంటారు. పట్టభద్రుల నిరుద్యోగాన్ని ఇంత హాయిగా, ఇంత నిక్కచ్చిగా చూపిన చిత్రం తెలుగులో అరుదు. మా పాత విద్యార్థులు కొందరు దీనిని చూచి నవ్వలేకపోయినారు. మత భేదాన్ని కూడా ద్వేషం లేకుండా, ఇంటి తగవు వలె నడిపినారు. కాని చివరకు మేరీ తప్పిపోయిన జమీందారు బిడ్డ మహాలక్ష్మి అని తేలుతుంది. సమస్య పరిష్కారం కాలేదు, మాయమైనది. మేరీ మేరీగానే ఉండిపోయినట్లయితే ఏమయ్యేది? 1955 నాటి ప్రేక్షకుడు ఒప్పుకొనేవాడు కాదేమో. ఆ సందేహం ఉన్నా మా అసంతృప్తి మాత్రం పోదు.

బొంబాయికి ఆయన తిరిగి వెళ్లినది నిర్మాతగా. 1957లో 'శారద'కు రాజ్ కపూర్‌ను నాయకునిగా తీసుకొన్నారు. 'ఆలం ఆరా'లో తాము గుంపులో ఒకరుగా నిలిచిన నాడు ప్రధాన పాత్రలో ఉన్న పృథ్వీరాజ్ కుమారుడే ఈ రాజ్ కపూర్. నడుమ గడచినవి 26 సంవత్సరాలు. 'ఛోటీ బహెన్' (1959), 'మిలన్' (1967), 'ఖిలౌనా' (1970) తరువాతివి. 1981లో ఆయన నిర్మించిన 'ఏక్ దూజే కే లియే'లో ఒకరి భాష ఒకరికి రాని యువతీయువకుల ప్రేమ కథావస్తువు. దర్శకుడు బాలచందర్, తెలుగు 'మరో చరిత్ర' దానికి మూలం. నిర్మాతకు మాత్రం ఆ కథ చదివినప్పుడు ఇంపీరియల్ కంపెనీ ఆవరణ గుర్తుకు రాకపోయి ఉండునా?

1976లో మద్రాసులో ఫిల్మ్ ల్యాబొరేటరీ నెలకొల్పినారు. 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించినది. హైదరాబాదులో 1987లో ఆరంభమైన నేత్ర వైద్య సంస్థ ఆయన ఇచ్చిన భూమి, ధనం వలన వారి పేరుతోనే వెలసినది. 1994 జూన్ 22న దివంగతులైనారు.

ఆయన నటనను చూడదలచినవారికి ఒక దారి ఉన్నది. 1981లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'అమావాస్య చంద్రుడు'లో, చూపులేని వయొలిన్ కళాకారుని ప్రేమించిన క్రైస్తవ యువతికి తాతగా 73 ఏళ్ల ప్రసాద్ గారు కనబడతారు. పెద్దలు కాదన్న ఆ పెండ్లికి తోడు నిలిచేది ఆ తాతయే. 'మిస్సమ్మ' చూచిన మరునాడు దీనిని చూడవలెనని విద్యార్థులకు మా సూచన. 'షావుకారు' కూడా దొరుకుతుంది. సున్నం రంగడు తెర మీదికి వచ్చినపుడు, వాని వెనుక నిలిచిన పేరులేని మనుషులను కూడా ఒకసారి చూడండి.