మిసెల్–నీటి మధ్య పురుగుమందుల వితరణ: అంచనా, వినియోగం

సర్ఫాక్టెంటు సందిగ్ధ గాఢతను మించినప్పుడు దాని అణువులు నీటిలో గుంపులుగా చేరి మిసెల్లులను ఏర్పరుస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధజలంలో సోడియం డోడెసైల్ సల్ఫేటుకు ఈ గాఢత లీటరుకు సుమారు 8 మిల్లీమోల్‌లు. నీటిలో అంతగా కరగని పురుగుమందులు మిసెల్లులలోకి చేరతాయి.

మిసెల్–నీటి వితరణ గుణకపు సంవర్గమానానికి, ఆక్టనాల్–నీటి గుణకపు సంవర్గమానానికి మధ్య దాదాపు సరళరేఖా సంబంధం ఉంటుంది. ఆక్టనాల్–నీటి విలువ అట్రజిన్‌కు సుమారు 2.6, డి.డి.టి.కి 6కు పైన. కావున డి.డి.టి. మిసెల్లులలోకి అధికంగా చేరుతుంది. హైడ్రోజన్ బంధాలేర్పరచే రసాయనాల విషయంలో ఈ ఒక్క విలువ చాలదు. అణు పరిమాణం, ధ్రువణత, హైడ్రోజన్ బంధ సామర్థ్యాలను కూడా లెక్కించాలి.

కలుషిత నేలలను శుద్ధి చేసేటప్పుడు సర్ఫాక్టెంటులో కొంత మట్టి రేణువులపై అధిశోషణం చెందుతుంది. నేల ద్రావణంలో సందిగ్ధ గాఢత మిగలకపోతే, ఆ పొరే పురుగుమందును మరింతగా పట్టి ఉంచగలదు. అందువల్ల వితరణ గుణకంతో పాటు అధిశోషణాన్ని కూడా కొలిచిన పిమ్మటే మోతాదు నిర్ణయించాలి.