జర్మనీకి చదువుకు వచ్చే పిల్లలకు నేను చెప్పే మాటలు

ఇంటర్‌లో తెల్లారకముందే స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులు రాగానే నాన్న ఫోనుకు మెసేజ్‌లు. ఇలా పెరిగిన మన పిల్లలు వెంటపడి చదివించేవాళ్లే లేని చోటికి వస్తున్నారు. ఎన్నో ఏళ్లుగా ఇక్కడ ఉంటూ, వచ్చినవాళ్లను చూస్తూ తెలుసుకున్నవి చెబుతున్నాను.

1. చాలా లెక్చర్లకు హాజరు వెయ్యరు. అలాగని క్లాసు మానకండి. ఎక్కువ సబ్జెక్టుల్లో మిడ్లు, ఇంటర్నల్ మార్కులు ఉండవు. అక్టోబరులో మొదలైన సెమిస్టరంతా ఫిబ్రవరిలోనో మార్చిలోనో రాసే ఒక్క పరీక్షతో తేలిపోతుంది. సంక్రాంతి దాకా తీరుబడిగానే అనిపిస్తుంది. ఆ తీరుబడే మనవాళ్లను ముంచుతోంది.

2. పరీక్షకు మీరే పేరు నమోదు చేసుకోవాలి. గడువు దాటితే ఎంత చదివినా రాయనివ్వరు. పైగా ఒక పేపరును చాలాచోట్ల మూడుసార్లే రాయనిస్తారు. తప్పనిసరి పేపరు మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి తీసేస్తారు. ఆ తర్వాత సాధారణంగా జర్మనీలో ఇంకెక్కడా అదే కోర్సులో సీటు రాదు. బ్యాక్‌లాగులు చివరి ఏడాదిలో క్లియర్ చేసుకోవచ్చులే అనే మన ధీమా ఇక్కడ పనికిరాదు. వచ్చిన వారంలోనే మీ కోర్సు నిబంధనలు, అంటే ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్, తెచ్చుకుని చదవండి. జర్మన్‌లో ఉంటే తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చదివించుకోండి.

3. ఇక్కడ 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 వస్తే పాసు, 5.0 అంటే ఫెయిలు. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

4. మనవాళ్లు ఎక్కువగా తడబడేది మౌఖిక పరీక్షలో. చిన్న గదిలో ఎదురుగా ప్రొఫెసరు, పక్కన నోట్సు రాసుకునే మనిషి, బల్ల మీద తెల్లకాగితం, పెన్ను. డెఫినిషన్ గడగడా అప్పజెప్పగానే "సరే, ఇది ఎందుకు ఇలా ఉండాలి?" అంటారు. జవాబు చెబితే "ఈ షరతు తీసేస్తే?" అంటారు. బట్టీ పట్టిందంతా రెండో ప్రశ్నకే అయిపోతుంది. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినంతవరకు కాగితం మీద గీస్తూ ఆలోచించండి. చాలామంది ప్రొఫెసర్లు అక్కడి నుంచి చెయ్యందిస్తారు. ఈ దేశపు చదువులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన కాలేజీల్లోనూ ఇలాంటి పరీక్ష నిజాయితీగా పెడితే ఎంత బాగుండునో! పరీక్షకు ముందు ఇద్దరు కూర్చుని ఒకరినొకరు "ఎందుకు" అని అడుగుతూ సాధన చేయండి.

5. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మన దేశపు విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేకపోయినా గది అద్దె, ఆరోగ్య బీమా నెలనెలా తప్పవు. వాటి కోసం రాత్రిళ్లు గోడౌన్ షిఫ్టులకు వెళ్లి, పొద్దున క్లాసులో కునికే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పని చేయండి, తప్పులేదు. సెమిస్టరు మొదటి నెలల్లో సంపాదించిన దాంట్లోంచే కొంత పక్కన పెట్టుకుని, జనవరి నుంచి పరీక్షలు అయ్యేదాకా షిఫ్టులు ఆపేయండి.