నీళ్లు చూసి ఇల్లు తీసుకో

అనంతపురం

పాపా,

నీ మెసేజ్ తీరిగ్గా చదివాను. అంత జవాబు ఫోన్లో కొట్టే ఓపిక లేక కాగితం మీద రాసి, ఫొటోలు తీసి పంపుతున్నాను. గొలుసుకట్టు రాత అని నవ్వకుండా చదువుకో.

సెంట్రల్ యూనివర్సిటీలో ఉద్యోగమంటే మామూలు మాట కాదు. బెంగళూరు కంపెనీవాళ్లు ఇస్తామన్న జీతం ఇంతకంటే ఎక్కువని అక్క చెప్పింది. అయినా నీ మొగ్గు ఇటే ఉన్నట్టుంది. నాకూ అదే ఇష్టం. నువ్వు చెప్పిన కారణాలే నాకు ఎక్కలేదు. ట్రాఫిక్ ఉండదు, అద్దెలు తక్కువ, బెంగళూరు దగ్గర, కొండలూ గాలిమరలూ చూడముచ్చటగా ఉన్నాయి అని రాస్తివి. పెనుకొండ వీడియో కూడా పంపిస్తివి. అది వానాకాలం చివర్లో తీసింది. నాలుగు వానలు పడ్డాక మా గుట్టలన్నీ అట్లనే పచ్చగా ఉంటాయి, మహా అయితే రెండు నెలలు. ఆ పచ్చదనం చూసి ఊరిని ఒప్పుకుంటే ఏప్రిల్ వచ్చేసరికి నీకూ ఊరికీ చెడుతుంది. అందుకే ముందు మే నెలలో వచ్చి ఒక వారం మా ఇంట్లో ఉండు. పగలు 40 డిగ్రీలు దాటిన ఎండ, ఎర్రమట్టి, బోడి గుట్టలు, ఆకు కదలని మధ్యాహ్నాలు చూడు. పొద్దు గూకినాక మిద్దె మీద పడుకుంటే కాకినాడ ఉక్కపోత ఇక్కడ లేదని కూడా తెలుస్తుంది. అప్పుడు కూడా ఉండాలనిపిస్తే ఉండు.

గాలిమరలు నీకు నచ్చాయి. అవి అక్కడ ఎందుకు ఉన్నాయో కూడా తెలుసుకో. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ గాలి మనిషిని తోసేంత వీస్తుంది. మబ్బులు తల మీదుగా ఉరుకుతాయి గానీ చుక్క రాల్చవు. నైరుతి గాలిలోని తడినంతా పడమటి కనుమలు ముందే పట్టేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు మీ కోస్తాను తడిపి ఇక్కడికి వచ్చేసరికి వట్టిపోతాయి. రెండు రుతుపవనాలకూ చివరి ఊరు మాది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, మీకు పడేదాంట్లో ఇంచుమించు సగం. అదీ ఒక పద్ధతిగా పడదు. ఆ వానలేని గాలితోనే రామగిరి, ఉరవకొండ, బెళుగుప్ప వైపు కరెంటు తీస్తున్నారు. ఆ రెక్కల కింద శెనక్కాయ రైతు విత్తనం వేయాలా, ఇంకో వాన దాకా ఆగాలా అని ఆకాశం చూస్తుంటాడు. నువ్వు ఫొటో తీసుకోవద్దని కాదు, తీసుకో. ఆ కింద మనిషి ఉన్నాడని గుర్తుంటే చాలు.

ఇక ఇంటి సంగతి. ఓనరు నీకు టైల్సు చూపిస్తాడు, కబోర్డులు చూపిస్తాడు, కిటికీ తీసి కొండ చూపిస్తాడు. నువ్వు సంపు మూత తీయించు. లోపలి గోడ మీద తెల్లటి ఉప్పు గీతలు వరుసగా కింది దాకా ఉంటే ఆ సంపు తరచూ అడుగంటుతోందని అర్థం. ఆ తర్వాత బోరు మోటారు వేయమను. మొదటి పది నిమిషాలు ఏ బోరైనా బాగానే పోస్తుంది. అరగంట ఆడనిచ్చి పైపు దగ్గరే నిలబడు. మధ్యలో దగ్గినట్టు గాలి కక్కి, ఆగి, మళ్లీ పోసిందంటే దాన్ని ఇక్కడ ‘గ్యాప్ ఇస్తోంది’ అంటారు. నవంబరులోనే గ్యాప్ ఇచ్చే బోరు మేలో నిన్ను ట్యాంకరుకు అప్పజెప్తుంది. చివరగా పక్కింటామెను పలకరించు. కొళాయి నీళ్లు ఎన్నిరోజులకోసారి వదులుతారు, ఏ వేళకు వదులుతారు, పైన ట్యాంకుకు ఎక్కుతాయా లేదా, అడుగు. ఓనరు చెప్పిందీ ఆమె చెప్పిందీ ఒకటే అయితే అడ్వాన్సు చేతిలో పెట్టు.

భూగర్భ జల శాఖలో పనిచేసినాయన కదా, ఈ చాదస్తం పోలేదనుకుంటావేమో. మీ గోదావరి ఒండ్రులో కాస్త తవ్వితే నీళ్లు. ఇక్కడ కాళ్ల కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలో కొంచెం, కింద పగుళ్లలో కొంచెం, అంతే నీళ్లు. పగులు తగిలితే పోస్తుంది, తగలకపోతే దుమ్ము లేస్తుంది. పక్కపక్క ఇళ్లలో ఒకరిది పోస్తుంటే ఇంకొకరిది ఎండి ఉంటుంది. అరచేతిలో టెంకాయ పెట్టుకొని బోరు పాయింటు చూసేవాళ్లకు అందుకే ఇప్పటికీ గిరాకీ. మేము మిషన్లతో చూసి పాయింటు పెట్టినా, రైతు మళ్లీ టెంకాయతో సరిచూసుకునేవాడు. నేను అడ్డం చెప్పేవాణ్ని కాదు. అప్పు చేసి బోరు వేయించేది ఆయన గదా. తిరుచెంగోడు బోరు బండి వచ్చి రాత్రంతా రాయి కొరికి, వెయ్యి అడుగులు దిగి, తెల్లారేసరికి బూడిదలాంటి దుమ్ము మాత్రం పోసిపోయిన పొలాలు ఈ జిల్లాలో కోకొల్లలు. నీకు ఎదురయ్యేది అంత కష్టం కాదులే, నెలనెలా మెయింటెనెన్స్‌లో ట్యాంకరు ఖర్చు.

తాగడానికి మాత్రం బోరు నీళ్లు వద్దు. ఈ జిల్లాలో చాలాచోట్ల నేల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయిన మనుషుల్ని నేను పల్లెపల్లెలో చూశాను. 1990ల్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వందల పల్లెలకు పైపులు వేయించింది. సర్కారు ఏళ్ల తరబడి చేయలేకపోయిన పని అది. భక్తి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఆ కొళాయి దగ్గర మాత్రం ఒకే మాట మాట్లాడతారు.

నగరానికి వచ్చేది ముఖ్యంగా పీఏబీఆర్ రిజర్వాయరు నీళ్లు. దానికి తుంగభద్ర డ్యాం నుంచి హెచ్చెల్సీ కాలువ నీళ్లు తెస్తుంది. అంటే నీ వంటింటి కొళాయికి కర్ణాటకలో పడిన వాన రావాలి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఊళ్లో టీ అంగళ్ల దగ్గర కూడా వేరే మాట లేదు. ప్రవాహం తగ్గకముందే కన్నయ్యనాయుడు దగ్గరుండి స్టాప్‌లాగ్ పలకలు దించి నీటిని ఆపారు. రిటైరైన ఇంజనీరు. అట్లాంటివాళ్ల పేర్లు మేము గుర్తుంచుకుంటాం. శ్రీశైలం నుంచి హంద్రీ నీవా ఎత్తిపోతలతో కృష్ణా నీళ్లు కూడా 2012లో జీడిపల్లి రిజర్వాయరు చేరాయి. ఈ రెండు కాలువల పుణ్యాన చీనీ, దానిమ్మ, అరటి తోటలు చాలా పెరిగాయి. చీనీ అంటే మీ బత్తాయే. సీజన్లో మార్కెట్ యార్డుకు పోయి చూడు, గుట్టలు గుట్టలుగా పోసుంటాయి.

కరువు సీమ కదా అని ఇంకో విషయం మర్చిపోవద్దు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి నగరంలో పల్లపు కాలనీలన్నీ మునిగాయి. ఏళ్ల తరబడి పారని వంకను జనం వంక అనుకోవడం మానేసి ఇళ్లు కట్టేశారు. నీళ్లు మాత్రం దారి మర్చిపోలేదు. ఇల్లు చూసిన వీధిలో పాతకాపు ఎవరైనా ఉంటే ‘ఆ ఏడు ఇక్కడ ఎంత ఎత్తు వచ్చాయి నీళ్లు?’ అని అడుగు. గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తా. నువ్వు ‘బెంగళూరు దగ్గర’ అని రాసినచోట నాకు కొంచెం గుచ్చుకుంది. దగ్గరే, నేషనల్ హైవే మీద 200 కిలోమీటర్లకు పైచిలుకు. ఆ ఊరి విమానాశ్రయం కూడా ఊరికి ఇటువైపే ఉంది. వందే భారత్ ఇక్కడ ఆగుతుంది. ఆ దగ్గరితనమే ఈ ఊరికి ఒక చీడ. బయటి నుంచి వచ్చిన ఉద్యోగుల్లో ఎంతోమంది శుక్రవారం సాయంత్రం బ్యాగు తగిలించుకొని పోతారు, సోమవారం నిద్రకళ్లతో దిగుతారు. ఏళ్లు గడిచినా వాళ్లకు ఇక్కడ కూరగాయల ఆమె పేరు తెలియదు, ఆమెకు వాళ్ల ముఖం తెలియదు. తర్వాత ‘ఈ ఊళ్లో ఏముంది?’ అంటారు. ఆదివారం నువ్వు లేని ఊళ్లో నీకు ఏముంటుంది? మొదటి ఏడాది పండగలకు, పెళ్లిళ్లకు తప్ప బెంగళూరు పోనని అనుకో. చేతనైతే వేసవి సెలవుల్లో కూడా సగమైనా ఇక్కడే ఉండు.

సర్కారు ఆఫీసుల్లో మా జిల్లాకు ‘పనిష్మెంట్ ఏరియా’ అని ఒక పేరుంది. బదిలీ ఆర్డరు చూసి తిట్టుకుంటూ రైలెక్కినవాళ్లు చాలామంది. కానీ ఊరికి మిగిలింది వాళ్లు చేసిన పని కాదు, వచ్చి పాతుకుపోయినవాళ్లు చేసింది. 1916లో పెట్టిన ఇక్కడి దత్తమండల కాలేజీకి తెలుగు చెప్పడానికి శ్రీకాకుళం వైపు నుంచి చిలుకూరి నారాయణరావు వచ్చారు. 1928లో నంద్యాల సభలో ఈ సీమకు ‘రాయలసీమ’ అనే పేరు సూచించింది ఆయనే. మీ అటువైపు మనిషి పెట్టిన పేరుతోనే ఇవాళ మేము రొమ్ము విరుచుకుంటున్నాం. ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో ఇక్కడికి తరలివచ్చింది, అదే ఇప్పటి జేఎన్టీయూ. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చి ఆర్డీటీ సంస్థ పెట్టి, బడులు, ఆసుపత్రులు, పేదలకు ఇళ్లు కట్టించి 2009లో ఇక్కడే కన్నుమూశారు. నిన్ను అంత పెద్ద పనులు చేయమనడం లేదు. ఆదివారాలు ఉండమంటున్నాను.

నీ క్యాంపస్ బుక్కరాయసముద్రం మండలం జంతలూరు దగ్గర. ఆ మండలానికి పేరిచ్చిన చెరువు 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలం నాటిది. నిండిన ఏడు దాన్ని చూస్తే నీకు కొండ వీడియోలు గుర్తుకు రావు.

నీ క్లాసులో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు కొందరైనా ఉంటారు. ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి వాళ్లే కావచ్చు. వాళ్ల అమ్మానాయన పంట పోయిన ఏడు బెంగళూరుకో, కదిరి వైపువాళ్లయితే కేరళకో కూలికి పోయుంటారు. శెనక్కాయలు పెరికే కాలంలో హాజరు తగ్గితే కారణం అడిగి, ఆ తర్వాత కోప్పడు. వాళ్ల మాటలో ‘అండీ’ తక్కువ. మర్యాద లేదనుకోవద్దు, మర్యాద ఇక్కడ వేరే చోట ఉంటుంది. ఇంటికి పోతే తినకుండా పంపరు. రాగి సంగటిలోకి ఊరిబిండి పెడతారు, పొద్దున్నయితే ఉగ్గాని బజ్జీ. కారం ఎక్కువైందని మాత్రం అనొద్దు. రాకముందే బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ చదివిరా. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. హండే రాజుల నాటి అనంతపురం అందులో ఉంది. మా మాట వినే చెవి కూడా నీకు ముందే అలవాటవుతుంది.

చూడాల్సినవాటి పట్టీ రాయను. లేపాక్షి, గుత్తి కోట, తాడిపత్రి గుళ్లు, తిమ్మమ్మ మర్రిమాను ఎవరైనా చెప్తారు. వాటిలో కొన్ని 2022లో జిల్లా చీలాక శ్రీసత్యసాయి జిల్లాకు పోయాయి గానీ మాకింకా మావే. నేను చెప్పేది ఒక్కటే: చిలమత్తూరు మండలంలో వీరాపురం పో. ఊరి మధ్య చింతచెట్ల మీద వందల కొంగలు గూళ్లు పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ అవి మన దేశపు పెయింటెడ్ స్టార్క్‌లే. ఊరివాళ్లు వాటి రెట్ట వాసన భరిస్తారు, పిల్ల కింద పడితే తీసి చూసుకుంటారు, ఎవర్నీ రాయి వేయనివ్వరు. ఆ పక్షులు ఎక్కువగా వచ్చిన ఏడు వానలు బాగుంటాయని వాళ్ల నమ్మకం.

ఒక్క చిక్కు మాత్రం నా తెలివికి అందలేదు. మీ ఆయన ఉద్యోగం. పెనుకొండలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, మెకానికల్ చదివినవాళ్లకు దాని చుట్టుపక్కల పనులున్నాయి. ఆయనది సాఫ్ట్‌వేరాయె. ఈ ఊళ్లో ఆ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్క. ఒకటి పోతే ఇంకోటి పక్క వీధిలో దొరకదు. ఆయన బెంగళూరులో, నువ్వు ఇక్కడ అయితే నేను పైన రాసిన ఆదివారాల మాటంతా గంగలో కలిసినట్టే. ఇంటి నుంచి పని చేయనిస్తామని మేనేజరు నోటిమాటగా అంటే నమ్మొద్దు, ఎన్నాళ్లు అన్నది మెయిల్లో రాయించుకోమను. కుదరకపోతే మీ ఇద్దరూ కూర్చొని ఎవరి ఉద్యోగం ఎన్నేళ్లు ముందు పెట్టాలో ఇప్పుడే తేల్చుకోండి, పెద్దవాళ్లను మధ్యలోకి లాగకండి. నన్ను కూడా.

మేలో వచ్చేటప్పుడు ఆయన్నూ వెంటబెట్టుకొని రా. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ సామర్లకోటలో ఎక్కితే మారకుండా ఇక్కడే దిగొచ్చు. సంపు మూతలు తీయడానికి నేను కూడా వస్తా. అక్క గొట్టం కాజాల డబ్బా ఇస్తానంటే బరువని వద్దనకు.

మామ